63 ఆటల బ్రాకెట్‌కు మన సొంత లెక్కల షీటు: తయారీ డైరీ

ఏటా మార్చిలో జరిగే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీని, అంటే ఎన్‌సీఏఏ పురుషుల టోర్నీని, మా మిత్రబృందం కలిసి అనుసరిస్తుంది. ఒకప్పుడు ఒకే యూనివర్సిటీలో ఎం.ఎస్. చదివిన మాలో కొందరు ఇప్పుడు డాలస్ పరిసరాల్లో, ఇద్దరు జెర్సీ సిటీలో, ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారు. బ్రాకెట్ (ప్రతి ఆటలో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే పట్టిక) నింపుకోవడానికి ఉచిత సైట్లు ఉన్నా, పాయింట్ల నియమాన్ని మేమే నిర్ణయించుకోవాలని, ఎవరికి ఇంకా ఎంత అవకాశం మిగిలి ఉందో ప్రతి ఆట తరువాతా చూసుకోవాలని సొంత షీటు తయారు చేశాం. ఇందులో డబ్బు పందెం లేదు. ఇదే పని చేయదలచిన వారికి ఏది పనిచేసిందో, ఏది చెడిందో, ఏది ఎందుకు మార్చామో తెలియడానికి ఈ డైరీ రాస్తున్నాను.

దశ 1: కొలతలు, సామగ్రి

టోర్నీలో 68 జట్లు ఉంటాయి. అందులో 8 జట్లు ముందుగా ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ‘ఫస్ట్ ఫోర్’ అనే 4 ఆటలు ఆడతాయి. ఆ తరువాత మిగిలే 64 జట్లు నాలుగు రీజియన్లుగా, రీజియన్‌కు 1 నుంచి 16 వరకు సీడ్లతో, అంటే బలాన్ని బట్టి ఇచ్చిన ర్యాంకులతో (1 అన్నిటికన్నా మెరుగు), బరిలోకి దిగుతాయి. ఓడిన జట్టు ఇంటిముఖం పట్టవలసిందే కనుక ఛాంపియన్ తేలడానికి సరిగ్గా 63 ఆటలు జరగాలి. ఫస్ట్ ఫోర్‌ను మేము లెక్కలోకి తీసుకోలేదు.

సామగ్రి: అందరూ తెరవగల ఒక ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీట్, ఫలితాలు నమోదు చేసే ఒక వ్యక్తి, వాటిని సరిచూసే మరొకరు.

1. ఆటలకు 1 నుంచి 63 వరకు సంఖ్యలు ఇవ్వాలి. మొదటి రౌండ్ 1–32, రెండవది 33–48, స్వీట్ సిక్స్‌టీన్ (16 జట్లు మిగిలిన రౌండ్) 49–56, ఎలైట్ ఎయిట్ (8 జట్లు మిగిలిన రౌండ్) 57–60, సెమీఫైనళ్ళు 61, 62, ఫైనల్ 63.
2. ప్రతి రీజియన్‌లో మొదటి రౌండ్ ఆటలను ఈ క్రమంలోనే రాయాలి: 1తో 16, 8తో 9, 5తో 12, 4తో 13, 6తో 11, 3తో 14, 7తో 10, 2తో 15.
3. ఒక ఆటలో గెలిచిన జట్టు తరువాత ఏ ఆటకు వెళ్తుందో తెలియడానికి, ఆట సంఖ్యను సగం చేసి, భిన్నం వస్తే పైఅంకెకు సవరించి, 32 కలపాలి. 1, 2 ఆటల విజేతలు 33వ ఆటలో తలపడతాయి. 47, 48 ఆటల విజేతలు 56లో. 61, 62 ఆటల విజేతలు 63లో.

మూడవ మెట్టు ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం, ఎందుకంటే ఒకే సూత్రం చివరి ఆట దాకా నడుస్తుంది. అయితే దానికి ఒక షరతు ఉంది. సెమీస్‌లో ఎదురుపడే రెండు రీజియన్లను పక్కపక్కన రాయాలి, ఆ జోడీ ఏటా మారుతుంది. 2023లో సౌత్‌కు ఈస్ట్, మిడ్‌వెస్ట్‌కు వెస్ట్ ఎదురుపడ్డాయి. 2025లో సౌత్‌కు వెస్ట్, ఈస్ట్‌కు మిడ్‌వెస్ట్ ఎదురయ్యాయి. పాత సంవత్సరపు షీటును అలాగే నకలు చేస్తే 60వ ఆట వరకు అంతా సవ్యంగా కనిపించి, 61వ ఆటలో తప్పుడు జట్లు వచ్చి కూర్చుంటాయి.

దశ 2: మొదటి షీటు ఎక్కడ చెడింది

*జోడీలు తేదీలుగా మారడం.* గడిలో 5-12 అని రాస్తే షీటు దానిని మే 12గా మార్చివేసింది. ఎనిమిది జోడీలకూ ఇదే గతి పట్టింది, ఎందుకంటే 1-16 నుంచి 8-9 వరకు ప్రతిదీ అమెరికా పద్ధతిలో చెల్లే తేదీయే. రెండు సీడ్లను రెండు వేర్వేరు గడుల్లో రాయడమే దీనికి శాశ్వతమైన పరిష్కారం.

*ఎంపికలు చెరిగిపోవడం.* ఒక్కొక్కరి బ్రాకెట్‌ను ఒకే గడిలో దాచుకోవడానికి 63 అంకెల వరుసగా రాశాం: పై జట్టు గెలుస్తుందనుకుంటే 1, కింది జట్టు అనుకుంటే 0. షీటు దానిని సంఖ్యగా భావించి మొదటి 15 అంకెలను మాత్రమే నిలుపుకొని మిగిలినవన్నీ సున్నాలు చేసింది. సున్నా కూడా మా లెక్కలో అర్థం ఉన్న అంకె కనుక తప్పు వెంటనే కంటికి కనిపించలేదు. అందరూ 16వ ఆట నుంచి ఒకే రకంగా ఎంచుకున్నట్టు తేలడంతో బయటపడింది. వరుసకు ముందు ఒక అక్షరం చేర్చితే అది సంఖ్య కాక పాఠ్యంగా నిలుస్తుంది. తరువాత ఆ పద్ధతినే వదిలి, మనిషికి ఒక నిలువు వరుస, ఆటకు ఒక గడి చొప్పున మార్చాం. కొంచెం చోటు ఎక్కువ పట్టినా కంటితో చదువుకోవచ్చు.

*పేర్ల గందరగోళం.* 2025 బ్రాకెట్‌లో మిషిగన్, మిషిగన్ స్టేట్ రెండూ సౌత్‌లోనే ఉన్నాయి. టెక్సాస్, టెక్సాస్ టెక్, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ అని మరో మూడు ఉన్నాయి. పేరును వెతికే ఫార్ములాలో ‘కచ్చితమైన సరిపోలిక’ కోరకపోతే షీటు దగ్గరి పేరును తెచ్చి చూపిస్తుంది. అందుకని పేర్లను పక్కనపెట్టి, రీజియన్ అక్షరం (ఈస్ట్‌కు తూ, సౌత్‌కు ద, వెస్ట్‌కు ప, మిడ్‌వెస్ట్‌కు మ), సీడ్ కలిపి సంకేతాలు పెట్టాం. డ్యూక్ తూ1, మిషిగన్ ద5, మిషిగన్ స్టేట్ ద2, ఫ్లోరిడా ప1, హ్యూస్టన్ మ1. పేరు చూపించడానికి మాత్రమే, లెక్కంతా సంకేతంతోనే.

ఈ మార్పుతో మేము ఆశించని మరో మేలు జరిగింది. ఫస్ట్ ఫోర్ ఫలితాలు బుధవారం రాత్రి దాకా తేలవు, కాబట్టి కొన్ని 11, 16 సీడ్ల స్థానాలు అప్పటివరకు ఖాళీగా ఉంటాయి. మ11 అని రాసినవారికి అది టెక్సాస్ అయినా జేవియర్ అయినా మార్చవలసిన పని లేదు. జేవియర్ 86-80తో గెలిచినప్పుడు పేరు ఉన్న గడిని ఒక్కదానినే సవరించాం.

దశ 3: వార్తల కాలమ్, గడువు

బ్రాకెట్ ఆదివారం (2025లో మార్చి 16న) వెలువడుతుంది, మొదటి రౌండ్ గురువారం మొదలవుతుంది. మధ్యలోని వార్తలే ఎంపికలను మారుస్తాయి, కనుక ప్రతి జట్టు పక్కన ఒక వార్తల గడి పెట్టాం. నియమాలు మూడు: వార్త ఒక్క వాక్యంలో ఉండాలి, తేదీ ఉండాలి, కళాశాల ప్రకటనో విలేకరి కథనమో చెప్పాలి. ఊహాగానాలకు చోటు లేదు. ఆ వారంలో బరువైన వార్తలు రెండు. మార్చి 13న ఏసీసీ (డ్యూక్ ఆడే కాలేజీల లీగ్) టోర్నీలో జార్జియా టెక్‌తో ఆడుతూ డ్యూక్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ ఎడమ చీలమండకు గాయం చేసుకొని ఆ టోర్నీలోని మిగిలిన ఆటలకు దూరమయ్యాడు; ఎన్‌సీఏఏ టోర్నీకి తిరిగి వచ్చాడు. అయోవా స్టేట్ గార్డ్ కీషాన్ గిల్బర్ట్ మాత్రం గాయంతో టోర్నీ అంతటికీ దూరమయ్యాడు. రెండవ వార్తను పట్టించుకొని ద3ని రెండవ రౌండ్‌లోనే ఆపినవారికి ప్రతిఫలం దక్కింది: ఓల్ మిస్ చేతిలో అయోవా స్టేట్ 78-91తో ఓడిపోయింది.

గడువు విషయంలో చెడింది కాలమానం. మొదటి ఆట, లూయివిల్‌తో క్రైటన్, గురువారం తూర్పు అమెరికా సమయం మధ్యాహ్నం 12:15కు ఉంది. ఫిబ్రవరిలో రాసిన ఫార్ములా భారత సమయానికి 10:30 గంటలు కలుపుతోంది. మార్చి 9న అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిగాక ఆ తేడా 9:30 గంటలకు తగ్గింది. దానితో హైదరాబాద్ మిత్రుడికి రాత్రి 9:45కు మొదలయ్యే ఆట షీటులో 10:45గా కనిపించింది. “ఒరేయ్, నేను తెరిచేసరికి సగం ఆట అయిపోయిందిరా” అన్న సందేశం వచ్చాక తేడాను ఒకే గడిలో ఉంచి, మిగిలిన సమయాలన్నీ దాని నుంచి లెక్కపడేలా మార్చాం. భారతదేశంలో మనవాళ్ళు ఉన్న ఏ బృందమైనా ఈ ఒక్క గడిని ఎర్రరంగుతో గుర్తుపెట్టుకోవాలి.

దశ 4: 2025 టోర్నీలో నడిపిన తీరు

ఆ ఏడాది అందరూ వాడే పాయింట్లే పెట్టాం: రౌండ్ల వారీగా 1, 2, 4, 8, 16, 32. ప్రతి రౌండ్‌కు మొత్తం 32 చొప్పున 192.

వ్యక్తుల అంకెలు ఇక్కడ అనవసరం. వాటికి బదులు ‘కొలబద్ద’ అనే ఒక బ్రాకెట్‌ను షీటులో చేర్చాం. అది ప్రతి ఆటలోనూ మెరుగైన సీడ్‌నే ఎంచుకుంటుంది. నాలుగు ఒకటవ సీడ్ల మధ్య టోర్నీ ఎంపిక కమిటీ ఇచ్చిన మొత్తం ర్యాంకు ప్రకారం ఆబర్న్, డ్యూక్, హ్యూస్టన్, ఫ్లోరిడా అన్న వరుసను అనుసరిస్తుంది. ఆట గురించి ఏమీ తెలియకుండానే దానికి ఎన్ని పాయింట్లు వస్తాయో తెలిస్తేనే మన తెలివికి విలువ తెలుస్తుంది. దాని లెక్క ఇలా నడిచింది.

మొదటి రౌండ్ తరువాత: 32లో 25 సరి. మొత్తం 25.
రెండవ రౌండ్ తరువాత: 16లో 12 సరి. మొత్తం 49.
స్వీట్ సిక్స్‌టీన్ తరువాత: 8లో 7 సరి. మొత్తం 77.
ఎలైట్ ఎయిట్ తరువాత: 4కు 4 సరి. మొత్తం 109.
సెమీస్ తరువాత: 2లో ఏదీ సరికాదు. మొత్తం 109, అక్కడే ఆగింది.

నాలుగు ఒకటవ సీడ్లూ ఫైనల్ ఫోర్‌కు, అంటే సెమీస్‌కు, చేరడం 2008 తరువాత ఇదే. 2008కు ముందు ఎన్నడూ జరగలేదు. సంచలనాల మీద నమ్మకం పెట్టుకున్న వారందరినీ కొలబద్ద దాటిపోయింది. మెక్‌నీస్ 69-67తో క్లెమ్సన్‌ను, కొలరాడో స్టేట్ 78-70తో మెంఫిస్‌ను ఓడించాయి. ఆ రెండు పన్నెండవ సీడ్లనూ ముందే పట్టుకున్నవారికి వచ్చింది తలా రెండే పాయింట్లు.

నమోదులో చెడింది రెండవ రౌండ్ వారాంతంలో. మార్చి 22న ఐపీఎల్ మొదలైంది. మరునాడు ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 6 వికెట్లకు 286 పరుగులు చేయడంతో బృందం సందేశాలన్నీ దానితోనే నిండిపోయాయి. ఫలితాలను ఆ సందేశాల నుంచి ఎక్కించే అలవాటు వల్ల రెండు ఆటలు తప్పిపోయాయి. కొత్త పద్ధతి: ఫలితాలకు వేరే సందేశ బృందం, అందులో ఆట సంఖ్య, గెలిచిన సంకేతం, స్కోరు మాత్రమే. ఉదాహరణకు: 40, ప2ను ఓడించి ప10, 75-66. ఇది ఆర్కన్సా సెయింట్ జాన్స్‌ను ఇంటికి పంపిన ఆట. క్రికెట్ మాటలు పాత చోటనే సాగుతాయి. వాటిని ఆపమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా.

దశ 5: ‘మిగిలిన అవకాశం’ కాలమ్

పాయింట్ల కాలమ్ ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇంకా ఆడని ఆటల నుంచి గరిష్ఠంగా ఎన్ని రాగలవో కలిపి చూపే కాలమ్ తప్పనిసరి. దాని ఫార్ములా మెట్లు:

1. ఫలితాల నుంచి ‘ఓడినవి’ అనే జాబితా తయారు చేయాలి. ఆటకు ఒక సంకేతం, చివరికి 63.
2. ఆట ముగిసి ఉంటే: ఎంపిక సరిపోలితే పాయింట్లు, లేకపోతే 0.
3. ఆట ముగియకపోతే: ఎంపిక చేసిన సంకేతం ‘ఓడినవి’లో ఉంటే 0, లేకపోతే ఆ రౌండ్ పూర్తి పాయింట్లు.
4. 63 వరుసలను కూడాలి.

మొదటి ప్రయత్నంలో ఓడిన జట్టును ఎవరి బ్రాకెట్‌లో వారి ఎంపికల నుంచి లెక్కకట్టడం వల్ల, వారు ఆ ఆటకు చేరుతుందని ఊహించని జట్టు ఓడినా జాబితాలోకి రాలేదు. ఓడినవారిని ఫలితాల షీటు నుంచి మాత్రమే తీసుకోవాలి.

ఈ కాలమ్ విలువ 2023 ఫలితాలను ఎక్కించి పరీక్షించినప్పుడు తెలిసింది. కొలబద్దకు ఆ ఏడాది మొదటి రౌండ్‌లో వచ్చిన పాయింట్లు కూడా 25. రెండేళ్ళకూ ఒకే అంకె. కానీ గరిష్ఠ అవకాశం 2025లో 185 ఉంటే 2023లో 163కు పడిపోయింది. 2025లో ఒకటి నుంచి నాలుగు వరకు సీడ్లన్నీ మొదటి రౌండ్ దాటాయి. 2023లో పదహారవ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ 63-58తో పర్‌డ్యూను, పదిహేనవ సీడ్ ప్రిన్స్‌టన్ 59-55తో అరిజోనాను, పదమూడవ సీడ్ ఫర్మన్ 68-67తో వర్జీనియాను ఓడించాయి. పోయిన ఆటలు అన్నే; పోయిన జట్లు వేరు.

2023 కొలబద్ద లెక్క, మొదట పాయింట్లు, తరువాత గరిష్ఠం: మొదటి రౌండ్‌కు 25, 163. రెండవ రౌండ్‌కు 43, 139. స్వీట్ సిక్స్‌టీన్‌కు 47, 47. మార్చి 24 శుక్రవారం ఒకే రాత్రి అలబామా శాన్ డియేగో స్టేట్ చేతిలో, హ్యూస్టన్ మయామీ చేతిలో ఓడడంతో రెండు అంకెలూ ఒకటైపోయాయి. ఆ తరువాత జరిగిన 7 ఆటల్లో దానికి ఒక్క పాయింటు కూడా వచ్చే వీలు లేదు. ఫైనల్ ఫోర్‌కు 4, 5, 5, 9 సీడ్లు చేరిన సంవత్సరం అది.

ఇప్పుడు మా షీటులో వరుసక్రమం గరిష్ఠం ప్రకారమే ఉంటుంది, పాయింట్లు దాని పక్కన ఉంటాయి.

దశ 6: పాయింట్ల నియమం మార్పు

2025 సెమీస్‌లో హ్యూస్టన్ చివరి 9 పాయింట్లూ తానే సాధించి డ్యూక్‌ను 70-67తో ఓడించింది. మాలో ఎక్కువమంది డ్యూక్‌నే ఛాంపియన్‌గా రాశారు. ఫైనల్ రోజుకు ఇద్దరికి తప్ప మిగిలిన అందరికీ పాయింట్లూ గరిష్ఠమూ ఒక్కటే. ఏడాదిలో అతి పెద్ద ఆటను ఇంతమంది లెక్కతో సంబంధం లేకుండా చూడడం నియమంలోని లోపమేనని నా అభిప్రాయం.

మొదట పరీక్షించింది సీడ్ల తేడాను అదనంగా ఇచ్చే నియమం. పన్నెండవ సీడ్ ఐదవ సీడ్‌ను ఓడిస్తే 1కి తోడు 7. కాగితం మీద బాగుంది. లెక్క వేస్తే కూలిపోయింది. 2025లో నాలుగు పన్నెండవ సీడ్లనూ గుడ్డిగా రాసినవారికి 16 వస్తాయి, నాలుగు ఐదవ సీడ్లను రాసినవారికి 2. పదిహేనవ సీడ్ల సంగతి మరీ విచిత్రం. 1985 నుంచి 2025 వరకు అవి రెండవ సీడ్లతో 160 ఆటలు ఆడి 11 గెలిచాయి. ఒక్కో గెలుపుకు 14 పాయింట్లు ఇస్తే సగటున ఆటకు 0.96 వస్తుంది, రెండవ సీడ్‌ను రాస్తే 0.93. అంటే 149 సార్లు గెలిచిన జట్టును రాయడం నష్టం. ఆటను చదివినవారికి అన్యాయం చేసే నియమం ఇది, అందుకే వదిలేశాం.

తరువాత నిలిచినది: రౌండ్ల వారీగా 2, 3, 5, 8, 13, 21, మొత్తం 231. మొదటి రౌండ్‌లో 11 లేదా అంతకన్నా దిగువ సీడ్ గెలుపును పట్టుకుంటే అదనంగా 2. కారణం ఛాంపియన్ బరువు. పాత నియమంలో ఛాంపియన్‌ను సరిగ్గా రాసినవారికి ఆ ఒక్క జట్టు ఆరు గెలుపుల నుంచి 192లో 63 వచ్చేవి, దాదాపు మూడవ వంతు. కొత్త నియమంలో 231లో 52, నాలుగవ వంతు కన్నా తక్కువ. పన్నెండవ సీడ్లను గుడ్డిగా రాయడానికి ఇప్పుడు 2023, 2025 కలిపి 8 వస్తాయి, ఐదవ సీడ్లకు 12.

కొత్త నియమంలో కొలబద్ద: 2025లో 50, 86, 121, 153 దగ్గర ఆగుతుంది. 2023లో 50, 77, 82.

ఇది కూడా 2023 వంటి ఏడాదిలో బృందాన్ని చివరి దాకా నిలపలేదు. అందుకని స్వీట్ సిక్స్‌టీన్‌కు ముందు గడువుతో 15 ఆటల రెండవ పట్టికను చేర్చాం. పాయింట్లు అవే, 5 నుంచి 21 వరకు, మొత్తం 119. గెలుపు వేరుగా ప్రకటిస్తాం. 2023లో ఆ దశ నుంచి మొదటి పట్టిక కొలబద్దకు 5 మాత్రమే వస్తే, మళ్ళీ రాసుకున్న కొలబద్దకు 20 వచ్చాయి. మార్పు చిన్నదే అయినా, మార్చి చివరి వారంలో అందరికీ చూడడానికి ఒక జట్టు దొరుకుతుంది.

దశ 7: సమానమైతే

సమానమైనవారిని విడదీయడానికి ఫైనల్‌లో రెండు జట్ల స్కోర్ల మొత్తాన్ని ముందే రాయించాం. ‘మించకుండా దగ్గరగా ఉన్నవారు’ అన్నది మొదటి నియమం. 2021 నుంచి 2024 వరకు ఫైనళ్ళ మొత్తాలు 156, 141, 135, 135; సగటు దాదాపు 142. అందరూ ఆ చుట్టుపక్కలే రాశారు. ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ను ఓడించింది, మొత్తం 128. అందరి అంకెలూ మించిపోవడంతో నియమానికి విజేతే లేకుండా పోయాడు. ఇప్పుడు ఎటువైపైనా తేడా తక్కువ ఉన్నవారికే గెలుపు. అదీ సమానమైతే సెమీస్‌లో సరైన ఎంపికలు ఎక్కువ ఉన్నవారికి.

మిగిలిన పని

మహిళల టోర్నీకి ఇదే షీటు వాడాలన్నది తరువాతి అడుగు. 2022 నుంచి అక్కడా 68 జట్లే కనుక 63 వరుసలు, సంకేతాలు, ‘ఓడినవి’ జాబితా మారవు. అదనపు 2 పాయింట్ల నియమాన్ని మాత్రం అలాగే తీసుకోకూడదు. అక్కడ మొదటి రెండు రౌండ్లు మొదటి 16 జట్ల సొంత కోర్టుల్లో జరుగుతాయి, పురుషుల టోర్నీలో అన్నీ తటస్థ వేదికలు. సొంత కోర్టులో నాలుగవ సీడ్‌ను పదమూడవ సీడ్ ఓడించడానికి విలువ ఇంకా ఎక్కువ ఉండాలి. ఎంత ఉండాలో ఊహించి పెట్టకుండా, పాత ఏళ్ళ ఫలితాలను కొలబద్దతో సహా షీటులో ఎక్కిస్తున్నాం. ఆ లెక్కలు పూర్తయ్యేవరకు మహిళల పట్టికలో అదనపు పాయింట్ల గడి ఖాళీగానే ఉంటుంది.